వెనిస్‌లో ఒక్క రోజు ప్లాన్: పొద్దున బొమ్మలు, తర్వాత చేపలు, దీవులు

అందరికీ నమస్కారం. ఇవాళ వెనిస్‌లో ఒక రోజు ప్లాన్ చేద్దాం. ఫోన్‌లో మ్యాప్ తెరవండి, నాతో పాటు పిన్‌లు పెట్టుకుంటూ రండి.

మొదటి పిన్, ఇదిగో, అకాడెమియా గ్యాలరీ, పాత చిత్రాల మ్యూజియం. టికెట్ ఆన్‌లైన్‌లోనే. తేదీ, టైమ్, పేమెంట్, అయిపోయింది. సోమవారం మాత్రం మధ్యాహ్నానికే మూసేస్తారు.

లోపల ఈ బొమ్మ దగ్గర ఆగండి. వెరోనీస్ అనే చిత్రకారుడు 1573లో గీసింది, వెడల్పు దాదాపు 13 మీటర్లు, గోడంతా ఇదే. క్రీస్తు చివరి విందు అని గీశాడు. అందులో తాగినవాళ్లు, మరుగుజ్జులు ఎందుకని చర్చి వాళ్ల మత విచారణ సభ నిలదీసింది. బొమ్మ మార్చమంటే ఆయన బొమ్మ పేరు మాత్రం మార్చాడు: లేవి ఇంట్లో విందు. జూమ్ చేస్తున్నా, చూడండి, ముక్కు నుంచి రక్తం కారుతున్న పనివాడు. వీడి గురించి కూడా అడిగారు! నాకు ఈ ఒక్క బొమ్మకే టికెట్ డబ్బులు వచ్చేసినట్టు అనిపిస్తుంది.

పదకొండుకల్లా బయటపడండి. రెండో పిన్, ఫొందమెంతె నొవె, దీవులకి పడవలు బయల్దేరే రేవు. నడిచే వెళ్లండి, సందులు బాగుంటాయి.

ఇప్పుడు పడవ. ఇది నిదానంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఈ రేవులో నీటి మీద తేలే ప్లాట్‌ఫామ్‌లు ఒకటి కాదు, చాలా ఉంటాయి. మనకు కావాల్సింది బురానో దీవికి వెళ్లే 12వ నంబర్ పడవ. బోర్డు మీద 12, దాంతో పాటు బురానో పేరు, రెండూ చూశాకే లైన్లో నిలబడండి. ఇక టికెట్. 75 నిమిషాలది తొమ్మిదిన్నర యూరోలు, 24 గంటలది 25. మనం మధ్యలో భోజనానికి దిగుతాం, 75 నిమిషాలు ఇట్టే అయిపోతాయి. కాబట్టి 24 గంటలదే తీసుకోండి. తీసుకున్నాక, ఇదిగో ఈ మెషీన్‌కి ఆనించాలి. పచ్చలైటు వెలగాలి. ఎక్కిన ప్రతిసారీ ఆనించాలి, ప్రతిసారీ. లేదంటే చేతిలో టికెట్ ఉన్నా జరిమానా పడొచ్చు.

దారిలో మురానో వస్తుంది, గాజు పనికి పేరున్న దీవి. ఒక్క రోజే ఉంటే నేనైతే దిగను. ముప్పావు గంటలో బురానో.

రంగురంగుల ఇళ్ల ఫోటోలు తర్వాత. ముందు భోజనం, చాలా చోట్ల రెండున్నర, మూడింటికల్లా వంటగది కట్టేస్తారు. రిసొత్తో ది గో అడగండి. గో అంటే ఈ ఉప్పుకయ్యలో, అంటే వెనిస్ చుట్టూ ఉన్న ఉప్పునీటిలో, దొరికే చిన్న చేప. ముళ్లెక్కువ కాబట్టి ఉడికించి, వడకట్టి, ఆ రసంలోనే బియ్యం ఉడికిస్తారు. ముల్లు ఒక్కటీ తగలదు, చేప రుచంతా అన్నంలోనే ఉంటుంది. వేడి తగ్గకముందే తినేయండి. పెద్ద చేప చెప్పేటప్పుడు మెనూలో ఎత్తో అని ఉందేమో చూడండి, అది వంద గ్రాముల ధర. తూకం వేయించి, మొత్తం ఎంతో అడిగాకే సరే అనండి.

తర్వాత టోర్చెల్లో దీవి, పడవలో ఐదారు నిమిషాలే. ఇక్కడ చూడాల్సింది 639లో మొదలైన చర్చి. లోపల పడమటి గోడ నిండా అంతిమ తీర్పు మొజాయిక్, అంటే చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ. పై వరుస నుంచి కిందికి చూసుకుంటూ రండి, నరకం అడుగున కుడివైపు ఉంటుంది. సాయంత్రం మూసేస్తారు, కాబట్టి బురానోలో షాపింగ్ పెట్టుకోకండి.

తిరుగు పడవకి బురానోలో పెద్ద లైన్ ఉంటుంది. చీకటి పడేదాకా ఆగకుండా కాస్త ముందే వచ్చి నిలబడండి, కూర్చోవడానికి సీటు దొరుకుతుంది.