గోడ ముక్కలై తిరిగితే: ఐలీన్ గ్రే లక్క తెర

[వీడియోలో: నల్లటి పలకల వరసలు. కెమెరా నిదానంగా పక్కకు జరుగుతుంది.]

ఇదేంటో చెప్పగలరా? హాల్లో పెట్టుకునే పార్టిషనా, శిల్పమా? రెండిట్లో ఏదన్నా తప్పు కాదు.

ఎత్తు ఆరడుగుల పైచిలుకు. నిగనిగలాడే నల్ల పలకలు, ఒకదాని మీద ఒకటిగా ఏడు వరసలు. వాటి గుండా సన్నటి లోహపు ఊచలు నిలువుగా దిగి ఉన్నాయి. ఆ ఊచల చుట్టూ పలకలు తిరుగుతాయి. అన్నీ మూస్తే గోడ. నాలుగు తిప్పితే సందుల్లోంచి అవతలి గది కనిపిస్తుంది. 1922 నాటి ఈ తెర ఇప్పుడు న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో ఉంది. చేసింది ఐలీన్ గ్రే.

[పాత ఫోటో: కురచ జుట్టుతో గ్రే.]

పుట్టింది 1878లో, ఐర్లండ్‌లో. లండన్‌లో బొమ్మలు వేయడం నేర్చుకుని, ఆ తర్వాత పారిస్‌లో స్థిరపడింది. ఆర్కిటెక్చర్ ఏ కాలేజీలోనూ చదవలేదు. ముందు చేతికి పట్టుబడింది లక్క పని. గదులు అలంకరించడం, ఇళ్లు కట్టడం అన్నీ ఆ తర్వాతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. లక్క అంటే మనకు ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి. అది పురుగు ఇచ్చే లక్క. తిరుగుతున్న కర్రకు ఒత్తి పడితే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. గ్రే వాడింది అది కాదు, జపాన్ వాళ్ల ఉరుషి. చెట్టుకు గాటు పెట్టి తీసే పాలు. ఆ చెట్టు మన మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానిదే. జీడిపిక్క రసం చేతికి తగిలి బొబ్బలెక్కినవాళ్లకు ఈ పాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. గ్రే చేతులకూ ఆ దద్దుర్లు తప్పలేదు.

[క్లోజప్: బ్రష్‌తో పలచగా పూస్తున్న ముదురు గోధుమ రంగు ద్రవం.]

ఈ పని ఆమెకు లోతుగా నేర్పింది సీజో సుగావారా. జపాన్ నుంచి వచ్చి పారిస్‌లో ఉంటున్న పనివాడు. పూత పలచగా వేయాలి, ఆరనివ్వాలి, నున్నగా రుద్దాలి, మళ్లీ వేయాలి. ఇలా 20 పూతల దాకా. విచిత్రం ఏంటంటే, ఈ పాలు ఎండలో పెడితే సరిగ్గా ఆరవు. గాలిలో చెమ్మ ఉంటేనే గట్టిపడతాయి. అంటే మనం బట్టలు ఆరడం లేదని విసుక్కునే ముసురు రోజు, ఉరుషికి మంచి రోజన్నమాట. తొందరపడి తడి పూత మీద ఇంకో పూత వేస్తే పని మొత్తం పాడు.

అంత నున్నగా రుద్దడం నేర్చుకున్న మనిషి, కొన్ని పనుల్లో కావాలనే గరుకు తెచ్చింది. ఒకచోట ఇసుక గరుకు, ఒకచోట వెండి రేకు, ఇంకోచోట ఉబ్బెత్తు గీత. అద్దంలాంటి నలుపు పక్కన గరుకు పెడితే, దీపం వెలుతురు ఒకదాని మీద జారిపోతుంది, ఇంకోదాని మీద నిలుస్తుంది. నా దృష్టిలో ఆమె అసలు ప్రతిభ అదే.

[నేల ప్లాన్ గీత: పొడవాటి సన్నని హాలు.]

ఇప్పుడు ఆ తెర ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. 1919లో పారిస్‌లో, రూ ద లోతా వీధిలో, మదాం మాతియూ లెవీ అనే ఆవిడ ఫ్లాట్ పని గ్రే చేతికొచ్చింది. అందులో హాలు మరీ పొడుగు, రైలు పెట్టెలాగా. గోడ పగలగొట్టడం కాకుండా గ్రే ఇంకో దారి పట్టింది. గోడలంతా వందల కొద్దీ చిన్న లక్క పలకలు పరిచింది. సగం దూరం వెళ్లాక ఆ పలకలే గోడ వదిలి, అడ్డంగా గదిలోకి తిరిగి తెరలా నిలబడ్డాయి. పొడుగు అక్కడ విరిగింది. ఆ తిరిగిన ముక్కనే ఊచలకు గుచ్చి విడిగా నిలబెడితే, మనం మొదట చూసిన తెర.

1922లోనే పారిస్‌లో దుకాణం కూడా తెరిచింది. పేరు జాన్ దెజేర్. అలాంటి మగమనిషి ఎవరూ లేడు, పేరు కల్పించింది. తెరల కన్నా తివాచీలే బాగా అమ్ముడయ్యాయి. 1930లో దుకాణం మూతపడింది.

[సముద్రం పక్కన తెల్లటి ఇల్లు.]

ఈలోగా, 1926 నుంచి 1929 వరకు, ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఆర్కిటెక్ట్ జాన్ బదోవిచీతో కలిసి ఇ-1027 అనే ఇల్లు కట్టింది. తర్వాత ఆ గోడల మీద లె కార్బూజియర్, అదే మన చండీగఢ్ గీసినాయన, గ్రేని అడక్కుండా బొమ్మలు వేశాడు. ఆమెకు మండిపోయింది. మండదా మరి? ఈ గొడవ మీద వీడియోలు బోలెడున్నాయి, అందుకే నేను వదిలేస్తున్నా.

2009లో పారిస్ వేలంలో ఆమె డ్రాగన్ల కుర్చీ దాదాపు 2.19 కోట్ల యూరోలకు పోయింది. ఆమె 1976లోనే, 98 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

[మళ్లీ మొదటి తెర. చిత్రం ఆగుతుంది.]

ఇక్కడ పాజ్ చేసి పలకలను వదిలేయండి, సందులు చూడండి. ఇప్పుడు ప్లే నొక్కండి. కెమెరా రెండడుగులు జరిగేసరికి కొన్ని సందులు మూసుకుపోయాయి, కొన్ని తెరుచుకున్నాయి. పలక మాత్రం ఒక్కటీ కదల్లేదు.