వెసల్‌కు కొత్త నాజిల్ పెట్టాక హైడ్రో టెస్ట్: ఎప్పుడు, ఎంత పీడనంతో?

[దృశ్యం: పాత స్టీల్ వెసల్ (పీడనాన్ని నిలిపే మూసిన పాత్ర) మీద కొత్తగా వెల్డింగ్ చేసిన నాజిల్ (పైపు కలిపే మూతి), దాని చుట్టూ ప్యాడ్ (గోడకు బలమిచ్చే ఉక్కు పలక). ప్యాడ్‌లో పెన్సిల్ పట్టేంత రంధ్రం, దానికి బిగించిన గాలి గొట్టం.]

ప్యాడ్ అంచు వెంబడి కుంచెతో సబ్బు నీళ్లు పూస్తున్నారు. వెల్డింగ్‌లో సూదిమొనంత సందు ఉన్నా అక్కడ బుడగ లేస్తుంది. ఇది అసలు పరీక్ష, అంటే వెసల్‌ను నీటితో నింపి పీడనం పెంచి చూసే హైడ్రో టెస్ట్ కాదు; నీరు నింపే ముందు చేసుకునే తొలి తనిఖీ మాత్రమే. ఈ రంధ్రాన్ని తర్వాత గ్రీజుతో కప్పవచ్చు గానీ, పీడనాన్ని ఆపగల ప్లగ్‌తో బిగించకూడదు. ప్యాడ్ కింద దాగిన వెల్డింగ్ కారితే ఆ సంగతి బయటపడేది ఇక్కడే.

ఇక అసలు ప్రశ్న: ఈ నాజిల్ కోసం వెసల్ మొత్తానికి హైడ్రో టెస్ట్ చేయాలా? నడుస్తున్న వెసళ్ల తనిఖీకి ఎక్కువగా వాడే ఏపీఐ 510 (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) కోడ్, పనిని రిపేరు, ఆల్టరేషన్ అని రెండుగా విడదీస్తుంది. పాడైన భాగాన్ని మొదటి డిజైన్‌కు తగ్గట్టు బాగుచేస్తే రిపేరు. పీడనాన్ని తట్టుకునే శక్తి మీద ప్రభావం చూపేలా డిజైన్‌నే మారిస్తే ఆల్టరేషన్. ఆల్టరేషన్ తర్వాత ప్రెషర్ టెస్ట్ చేయడమే సాధారణ నియమం, రిపేరు తర్వాత మాత్రం ఇన్‌స్పెక్టర్ అవసరమనుకుంటే చేయాలి. ఇప్పటికే ఉన్న ప్యాడ్ నాజిళ్ల సైజుకు మించని నాజిల్‌ను చేర్చడం ఆల్టరేషన్ కిందకు రాదన్నది చాలామంది గమనించని వెసులుబాటు. టెస్టుకు బదులు రేడియోగ్రఫీ, అల్ట్రాసోనిక్ వంటి పరీక్షలతో సరిపెట్టాలనుకుంటే, ఇంజినీరు, ఇన్‌స్పెక్టర్ కలిసి చర్చించి నిర్ణయించాలి. షట్‌డౌన్ గడువు ముంచుకొస్తోందన్నది అందుకు కారణం కాకూడదని నా అభిప్రాయం.

[దృశ్యం: నేమ్‌ప్లేట్ దగ్గరగా. 10 బార్ అనే అంకె మీద వేలు.]

పీడనం ఎంత? వెసళ్ల తయారీకి వాడే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్ సెక్షన్ 8, డివిజన్ 1 ప్రకారం అనుమతించిన గరిష్ఠ పీడనానికి 1.3 రెట్లు, దాన్ని మళ్లీ స్ట్రెస్ నిష్పత్తితో, అంటే టెస్ట్ ఉష్ణోగ్రతలో లోహానికి అనుమతించే స్ట్రెస్ (లోపలి ఒత్తిడి)ను డిజైన్ ఉష్ణోగ్రతలో అనుమతించే దానితో భాగించగా వచ్చేదానితో గుణించాలి. ఉదాహరణకు, వెసల్ లోహానికి టెస్ట్ ఉష్ణోగ్రతలో అనుమతించే స్ట్రెస్ 138 మెగాపాస్కల్, డిజైన్ ఉష్ణోగ్రతలో 120 అనుకుంటే, నిష్పత్తి 1.15. అప్పుడు 10 బార్ వెసల్‌కు టెస్ట్ పీడనం 14.95 బార్ అవుతుంది. 1999 సవరణకు ముందు ఈ గుణకం 1.5 ఉండేది కాబట్టి, పాత వెసల్‌కు ఏ ఎడిషన్ వర్తిస్తుందో ముందే తేల్చుకోవాలి. తుప్పుకు ప్లేటు పలచబడి ఉంటే, మిగిలిన మందం ఆ పీడనాన్ని భరిస్తుందా అన్నది కూడా లెక్కకట్టాలి. 10 మీటర్ల ఎత్తు నీరు అడుగున దాదాపు 1 బార్ అదనంగా మోపుతుంది, అదీ ఈ లెక్కలో చేరాలి.

టెస్ట్ పీడనం దగ్గర ఎవరూ వెసల్ పక్కకు వెళ్లకూడదు. దాన్ని 1.3తో భాగించగా వచ్చే పీడనానికి, అంటే మన ఉదాహరణలో 11.5 బార్‌కు తగ్గించాకే జాయింట్లను దగ్గరగా చూడాలి.

నీరు ఎంత చల్లగా ఉందో కూడా చూడాలి. 1965 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో, 149 మిల్లీమీటర్ల మందమున్న కొత్త అమ్మోనియా వెసల్ హైడ్రో టెస్టులోనే పెళుసుగా విరిగి, సుమారు 2 టన్నుల ముక్క 46 మీటర్ల దూరం ఎగిరిపడింది. అందుకే కనీస డిజైన్ ఉష్ణోగ్రత (వెసల్‌ను డిజైన్ చేసిన అతి తక్కువ ఉష్ణోగ్రత) కంటే లోహం 17 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వెచ్చగా ఉండాలని కోడ్ సూచిస్తుంది.

నీటికి బదులు గాలి వాడితే ఏమవుతుంది? ఒక ఘనమీటరు చోటును 10 బార్ పీడనంలోని గాలితో నింపితే సుమారు 13.6 లక్షల జౌళ్ల శక్తి నిల్వ ఉంటుంది. అదే నీటిలో దాదాపు 230 జౌళ్లు. పునాది నీటి బరువును మోయలేనప్పుడో, లోపల తడి ఏమాత్రం పనికిరానప్పుడో మాత్రమే, తగిన ఏర్పాట్లతో, అనుమతించిన గరిష్ఠ పీడనానికి 1.1 రెట్ల గాలి పరీక్షకు పోవాలి.

హైడ్రో టెస్ట్ చెప్పలేనివీ ఉన్నాయి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, రోమియోవిల్ రిఫైనరీలో ఒక అమైన్ కాలమ్ (అమైన్ ద్రావణంతో గ్యాస్‌ను శుద్ధి చేసే నిలువు వెసల్)కు 1974లో అక్కడికక్కడే గోడలోని ఒక రింగు భాగాన్ని మార్చి వెల్డింగ్ చేశారు, కానీ ఆ వెల్డింగ్‌కు తర్వాతి వేడి చికిత్స చేయలేదు. వెల్డింగ్ పక్కన గట్టిపడిన లోహంలో హైడ్రోజన్ వల్ల పగుళ్లు పుట్టి, పెరిగి, 1984 జులై 23న కాలమ్ తెగి 17 మంది చనిపోయారు. టెస్టు రోజున పుట్టని పగులును ఏ గేజూ చూపించలేదు; వేడి చికిత్స అవసరమైన చోట దాన్ని టెస్టుకు ముందే పూర్తి చేయాలి.

మన దేశంలో పీడనంలో ఉన్న గ్యాస్ వెసళ్లకు 2016 నాటి ఎస్ఎంపీవీ (స్థిర, చలన పీడన పాత్రల) నియమాలు వర్తిస్తాయి; వాటి పరిధిలోని వెసల్ మీద మార్పు చేసే ముందు పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి తీసుకోవాలి.

[దృశ్యం: అడుగు వాల్వు తెరుస్తున్న చేయి. కెమెరా నెమ్మదిగా పైకి, వెసల్ నెత్తి మీది వెంట్ వైపు.]

టెస్ట్ నెగ్గింది, నీరు వదలాలి. పైనున్న వెంట్‌ను ముందుగా తెరవాలి. దాన్ని మరచి అడుగు వాల్వు తిప్పితే లోపల శూన్యం ఏర్పడి, 15 బార్‌ను తట్టుకున్న వెసల్ కూడా, గోడ పలచనిదైతే, బయటి గాలి ఒత్తిడికే డబ్బాలా నలిగిపోవచ్చు.