ఎవరి చెయ్యీ పట్టుకోకుండా

శ్రోతలకు నమస్కారం.

పీట మీదో, చాప మీదో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారనుకోండి. చెయ్యి నేలకు ఆనించకుండా లేవగలరా? ఒంటి వయసు ఎంతో నేను దీన్నిబట్టే చూస్తాను.

మన పెద్దవాళ్లు నేల మీదే కూర్చుని తినేవారు. గొంతుక్కూర్చుని అంట్లు తోమేవారు. రోజుకు ఎన్నిసార్లు తుంటి, మోకాలు, చీలమండ పూర్తిగా ముడుచుకుని విచ్చుకునేవో! డైనింగ్ టేబుల్, సోఫా వచ్చాక ఆ కదలికలు మన ఇళ్లలోంచి వెళ్లిపోయాయి. వాడని కీలు బిగుసుకుంటుంది, వాడని కండ కరుగుతుంది. యోగాసనాలు వేస్తే ఆ కదలికలు మళ్లీ అలవాటవుతాయి.

కోయంబత్తూరులో నానమ్మాళ్ గారని ఉండేవారు. చిన్నప్పుడే తండ్రి దగ్గర యోగా నేర్చుకున్నారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. 90 ఏళ్లు దాటాక కూడా చీరకట్టుతోనే ఆసనాలు వేసి చూపించేవారు. 2019లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అందుకని యోగా చేస్తే నూరేళ్లు గ్యారంటీ అని మాత్రం నేను చెప్పను. ఆయుష్షు వంశం మీద, తిండి మీద, అందే వైద్యం మీద కూడా ఆధారపడుతుంది. నాకు నచ్చేది ఆవిడ చివరి ఏళ్లు గడిచిన తీరు.

వయసు మళ్లాక భయపడాల్సింది ముడతలకు కాదు, పడిపోవడానికి. బాత్రూంలో ఒక్కసారి జారి తుంటి ఎముక విరిగితే మనిషి మంచానికి అతుక్కుపోవచ్చు. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 1,702 మందిని ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడమన్నారు. నిలబడలేకపోయినవారిలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయని 2022లో వచ్చిన ఆ అధ్యయనం చెప్పింది. నిలబడలేకపోవడమే చావుకు కారణమని దీని అర్థం కాదు. ఒంట్లో పట్టు తగ్గుతోందనడానికి అదొక గుర్తు.

వృక్షాసనం అంటే ఆ ఒంటికాలి నిలకడే. గోడ పక్కన నిలబడండి. రెండో పాదాన్ని తొడ దాకా ఎత్తక్కర్లేదు, చీలమండ దగ్గర ఆనిస్తే చాలు. చూపు ఒకచోట నిలపండి. బీపీ, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు శీర్షాసనం జోలికి వెళ్లకండి. మోకాలు ఆపరేషన్ అయినవాళ్లు కుర్చీలోనే చేసుకోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. అంతటి యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారే కుర్చీలు, బెల్టులు, చెక్క దిమ్మలు ఆసరాగా పెట్టి నేర్పారు. ఇంకో మాట, యోగా మొదలుపెట్టామని డాక్టరును అడగకుండా మందులు మానకండి.

ఇక ధ్యానం. టెన్షన్‌లో ఊపిరి పైపైనే ఆడుతుంది. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఆలోచనలు ఆగిపోవాలని పట్టుబట్టకండి. మనసు దూరాన ఉన్న కొడుకు ఫోన్ మీదికో, మోకాలి నొప్పి మీదికో పోతుంది. పోనివ్వండి. పోయిందని తెలిసినప్పుడల్లా నెమ్మదిగా ఊపిరి దగ్గరికి తెచ్చుకోండి. ధ్యానమంటే అదే.

పొద్దున్నే మా పార్కుకు ఒక పెద్దావిడ వస్తారు. మొదటిరోజు గోడ వదిలి మూడు సెకన్లు కూడా నిలబడలేకపోయారు. మొన్న సంక్రాంతికి వాకిట్లో కూర్చుని ముగ్గు పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచారట. ఆ మాట మాకు రెండుసార్లు చెప్పారు.