తాళం పడబోయిన ఫిల్ము ఫ్యాక్టరీ

శ్రోతలందరికీ నమస్కారం. నాకిచ్చిన టైం తక్కువ, అందుకని పోలరాయిడ్ పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అమెరికాలో ఎడ్విన్ ల్యాండ్ పెట్టిన కంపెనీ, 1948లో మొదటి కెమెరా అమ్మారు, ఫోటో నిమిషంలో చేతికొచ్చేది. మనమేమో 36 ఫోటోల రీలు అయ్యేదాకా ఆగి, స్టూడియోలో కడగడానికిచ్చి, తీరా చూస్తే సగం ఫోటోల్లో కళ్ళు మూసుకునే ఉన్నామని తిట్టుకునేవాళ్ళం కదా, ఆ కాలంలో నిమిషంలో ఫోటో అంటే మాటలా!

మరి ఎందుకు మునిగింది? డిజిటల్ వస్తుందని తెలీక అంటారు చాలామంది. తెలుసండీ, బాగా తెలుసు. 1996లో సొంత డిజిటల్ కెమెరా కూడా తెచ్చారు. కానీ వాళ్ళకి డబ్బులొచ్చేది ఫిల్ము మీద. కెమెరా ఒక్కసారే కొంటారు, ఫిల్ము మళ్ళీ మళ్ళీ కొంటారు. అసలు ఫిల్మే అక్కర్లేదంటే ఆ కంపెనీలో ఎవరికి మనసొప్పుతుంది? 2001లో దివాలా తీశారు, 2008లో ఇక ఫిల్ము చేయం అనేశారు.

ఇక నాకిష్టమైన కథ. నెదర్లాండ్స్‌లో ఎన్‌స్కెడే అనే ఊళ్ళో వీళ్ళ ఫిల్ము ఫ్యాక్టరీ ఉంది, 2008 జూన్‌లో దాన్ని మూసేస్తూ ఓ పార్టీ పెట్టారు. ఆస్ట్రియా నుంచి ఫ్లోరియన్ కాప్స్ అని ఒకాయన వచ్చాడు, ఈ ఫిల్మంటే పిచ్చి, అక్కడే ప్రొడక్షన్ చూసే ఆంద్రే బాస్మన్‌తో మాటల్లో పడ్డాడు. మెషిన్లు తుక్కులోకి పోతాయే అని ఇద్దరికీ బాధ, చివరికి వాటిని కొనేశారు, బిల్డింగ్ అద్దెకి తీసుకున్నారు, పాత పనివాళ్ళని కొందరిని పిలుచుకున్నారు. మెషిన్లున్నాయి, మరి కెమికల్స్? చాలావరకు ఎక్కడా దొరకవు. పొయ్యీ గిన్నెలూ ఉండి దినుసులు లేనట్టన్నమాట. ఫార్ములా మొదట్నుంచీ మళ్ళీ కనిపెట్టాల్సొచ్చింది. 2010లో ఫిల్ము వచ్చింది, ముందు బ్లాక్ అండ్ వైటే, పైగా బయటికొచ్చిన ఫోటోకి వెలుతురు తగిలితే పాడైపోయేది, అయినా జనం కొన్నారు! చేయి అడ్డం పెట్టుకుని, చీకట్లో దాచుకుని మరీ తీశారు. ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అనే ఆ చిన్న కంపెనీయే 2020 నుంచి పోలరాయిడ్ పేరుతో నడుస్తోంది, నాకైతే ఇది తల్చుకున్నప్పుడల్లా భలే సరదా.

ఒక్క మాట. మీ ఇంట్లో ఈ కెమెరా ఉంటే ఫోటో రాగానే ఊపకండి. పొర ఒలిచి తీసే పాతరకం ఫోటోలకి తడి ఆరాలని ఊపేవాళ్ళు, ఇప్పటివాటిలో రసాయనమంతా లోపలే ఉంటుంది, ఊపితే పాడయ్యే ప్రమాదమే ఎక్కువ. ఊపకండి, బోర్లా పెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. ఫిల్ము ప్యాకెట్ మన ఎండల్లో బయట ఉంచొద్దు, ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఫ్రీజర్లో మాత్రం కాదు, వాడేముందు ఓ గంట బయట పెడితే చాలు.