కర్ఫ్యూ సడలింపు లెక్కలు: కర్నూలు ఉల్లి యార్డు నుంచి పాతబస్తీ సందుల దాకా

హోస్ట్: నమస్కారం. 2020లో, 2021లో కోవిడ్ వచ్చినప్పుడు మన కర్నూలులో ఏమేం మూసినారో అందరికీ గుర్తే. మూసినవాటిని ఎట్ల తెరవాలనేదే ఈరోజు మాట. ఇంకో జబ్బు వచ్చినా ఇదే పని మళ్లీ పడుతుంది గదా. అంటువ్యాధుల నిఘా పని బాగా తెలిసిన మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, మూయడం కష్టమా, తెరవడం కష్టమా?

మేడమ్: తెరవడమే. మూసేటప్పుడు అందరికీ ఒకటే మాట, ఇంట్లో ఉండండని. 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉంది, 2005 విపత్తు నిర్వహణ చట్టం ఉంది, అప్పట్లో 144 సెక్షన్ ఎలాగూ ఉండింది, 2024 జూలై నుంచి దాని బదులు 163 సెక్షన్. ఉత్తర్వు సాయంత్రానికి వచ్చేస్తుంది. తెరిచేటప్పుడు అట్ల కుదరదు. ఉల్లిగడ్డల యార్డుకు ఒక లెక్క, బట్టలకొట్టుకు ఒక లెక్క, బడికి ఇంకొకటి. పైగా ఈరోజు మన చేతికొచ్చిన కేసుల సంఖ్య ఈరోజుది కాదు.

హోస్ట్: అదెట్ల?

మేడమ్: కోవిడ్ సోకినాక లక్షణాలు కనపడేదానికి మొదట్లో సగటున ఐదు రోజులు పట్టేది. జ్వరమొస్తే మనోళ్లు మొదటిరోజు పారాసిటమాల్ వేసుకుంటారు, రెండోరోజు వీధిలోని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు, మూడోరోజుకు గానీ టెస్టుకు రారు. ఫలితానికి ఇంకో రోజు. అంతా కూడితే బులెటిన్‌లో చూసేది తొమ్మిది పది రోజుల కిందట సోకినవాళ్ల సంఖ్య. సోమవారం మార్కెట్ తెరిచి గురువారం కేసులు పెరగలేదని సంబరపడితే, ఆ గురువారం సంఖ్యకూ మార్కెట్‌కూ సంబంధమే లేదు.

హోస్ట్: అయితే ఒక సడలింపుకూ ఇంకో సడలింపుకూ మధ్య ఎన్నిరోజులు ఆగాలి?

మేడమ్: 2021 చూడండి. మే 5న రాష్ట్రమంతా మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు పొద్దున 6 దాకా కర్ఫ్యూ పెట్టినారు. జూన్ 11న సడలింపు మధ్యాహ్నం 2 దాకా పెరిగింది. జూన్ 21న సాయంత్రం 6. జూలై 1 నుంచి పాజిటివిటీ, అంటే వంద టెస్టుల్లో పాజిటివ్ వచ్చేవాళ్ల శాతం, తగ్గిన ఎనిమిది జిల్లాల్లో రాత్రి 9. కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఆ ఎనిమిదిలో ఉన్నాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య పది రోజులు. మొదటి మెట్టు ఫలితం అప్పుడప్పుడే కనపడే సమయమది. నన్నడిగితే 14 రోజులు ఆగితే మేలు. పదికి తక్కువైతే కళ్లు మూసుకుని బండి తోలినట్టే.

హోస్ట్: ఆ ఆరు గంటల సంగతి అడగాల. పొద్దున 6 నుంచి 12 దాకే అంగళ్లు తెరిస్తే జనం తగ్గుతారా, పెరుగుతారా?

మేడమ్: ఇక్కడే ఎక్కువమంది పొరబడేది. ఒక కిరాణా కొట్టు మామూలుగా 13 గంటలు తెరుస్తుంది, రోజుకు 130 మంది వస్తారనుకోండి. గంటకు పదిమంది. అదే 130 మంది ఆరు గంటల్లో రావాలంటే గంటకు 22 మంది. ఆ 22 కూడా సమానంగా పంచుకోరు. పల్లె నుంచి వచ్చే మొదటి బస్సు ఎనిమిదికి దిగుతుంది, పదకొండున్నరకు పోలీసు ఈల మొదలవుతుంది. జనమంతా ఆ మూడున్నర గంటల్లోనే. అంటే బజారులో మొత్తం తిరుగుడు తగ్గుతుంది గానీ, కొట్టు ముందర రద్దీ రెండింతలకు పైనే అవుతుంది.

హోస్ట్: మరి కర్ఫ్యూ ఎందుకు పెట్టినట్టు? అనవసరమంటారా?

మేడమ్: అనవసరం అనను. ఆ మే నెలలో ఆక్సిజన్ పడకలు నిండిపోయి ఉన్నాయి. సాయంత్రం హోటళ్లు, టీ బంకులు, విందులు ఆగిపోవడమే పెద్ద లాభం, ఎందుకంటే అక్కడ మాస్కు తీసి కూర్చుంటారు. కిరాణా, కూరగాయలు మాత్రం అదే ఆరు గంటల్లో ఇరికించాల్సిన పనిలేదు. వాటికి వేళలు పెంచి, నిలబడి మాట్లాడుకునే చోట్లకు వేళలు కుదించాలి. రెండింటికీ ఒకే గడియారం పెట్టడం పోలీసులకు సులువు, అంతే.

హోస్ట్: కొట్టు లోపల ఎంతమందిని రానివ్వాలి? తెల్ల సున్నంతో గుండ్రాలు గీసినారు గదా.

మేడమ్: గుండ్రాలు గీసింది బయట. ప్రమాదం లోపల. 10 అడుగులు, 12 అడుగుల కొట్టు తీసుకోండి. 120 చదరపు అడుగులు. కౌంటరు, బస్తాలు, అల్మారాలు పోను కొనేవాళ్లు నిలబడేందుకు 70 మిగిలితే గొప్ప. ఆరడుగుల దూరమంటే మనిషికి 36 చదరపు అడుగులు. ఇద్దరికంటే పట్టరు. దానికి ఉపాయం చీటీ. సరుకుల చీటీ బయట ఇచ్చి, పక్క చెట్టు కింద నిలబడి, పిలిస్తే వచ్చి డబ్బు కట్టి సంచి తీసుకోవాలి. గాలి సంగతి మర్చిపోకూడదు. వెనక కిటికీ గానీ తలుపు గానీ తెరిచి, ఒక ఫ్యాన్ గాలిని బయటికి తోసేటట్టు తిప్పి పెడితే చాలు. మనిషి మీదికి ఫ్యాన్ తిప్పుకుంటే ఒకరి ఊపిరి ఇంకొకరి ముఖం మీదికి పోతుంది. ఏసీ కొట్లకైతే 24 నుంచి 30 డిగ్రీల మధ్య పెట్టమని అప్పటి ఆరోగ్య శాఖ సూచనల్లోనే ఉండింది, కానీ కిటికీ తెరవకుండా డిగ్రీలు మార్చి లాభం తక్కువ.

హోస్ట్: ఇప్పుడు ఉల్లిగడ్డల యార్డుకు వద్దాం. ఆగస్టు నుంచి పంట మొదలైతే ట్రాక్టర్లు రోడ్డు మీద దాకా నిలబడతాయి. మూస్తే గడ్డ కుళ్లుతుంది, తెరిస్తే జాతర. ఏం చేయాల?

మేడమ్: యార్డు గురించి మాట్లాడేవాళ్లు వేలం దగ్గరి గుంపును చూస్తారు. నేనైతే ముందురోజు రాత్రి చూస్తాను. వరుసలో ముందుండాలని రైతులు రాత్రికే వచ్చి, గేటు దగ్గర ట్రాక్టరు కింద, షెడ్డులో పక్కపక్కన పడుకుంటారు. ఎనిమిది గంటలు ఒకేచోట. వేలం పది నిమిషాల పని. కాబట్టి మొదటి మందు టోకెన్. ఊరివారీగా రోజులు పంచి, టోకెన్ ముందురోజు గ్రామ సచివాలయంలోనే ఇవ్వాలి. టోకెన్ మీద తేదీ, గేటులోకి వచ్చే గంట ఉండాలి. గేటులో ఇస్తే మళ్లీ అదే రాత్రి జాగారం.

హోస్ట్: గంటకు ఎన్ని బండ్లు?

మేడమ్: షెడ్డులో ఎన్ని రాశులు దూరందూరంగా పోయవచ్చో దాన్నిబట్టి. రాశికీ రాశికీ మధ్య ఒక మనిషి తిరిగేంత దారి వదిలి 40 రాశులు పడతాయనుకుందాం. దించడం, వేలం, కాటా, బస్తాలకెత్తడం కలిపి మూడు గంటలు. అంటే మూడు గంటలకు 40 బండ్లు, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా 160. అంతకు మించి టోకెన్ ఇస్తే ఎక్కడో గుంపు కడుతుంది, అది గేటు బయటే కావచ్చు. ఇంక వేలం. కొనుగోలుదార్లు రాశి చుట్టూ మూగి అరుస్తారు. మామూలు మాటకంటే అరుపులో తుంపర్లు ఎక్కువ. ఈ-నామ్, అంటే కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ మార్కెట్, ఉన్న యార్డుల్లో ధర ఫోన్‌లోనే వేయించవచ్చు. లేనిచోట చీటీ మీద రాసి డబ్బాలో వేయించాలి. రాశులు చూసేదానికి మాత్రం ఒకరి వెనక ఒకరు, ఒకే దిక్కుగా నడవాలి.

హోస్ట్: హమాలీలు? వాళ్లకు దూరం అనేది కుదిరే మాటేనా? బస్తా ఎత్తాలంటే ఇద్దరు కలవాల్సిందే.

మేడమ్: కుదరదు, కుదురుతుందని ఆర్డర్‌లో రాయడమూ దండగే. బస్తా మోస్తూ మాస్కు కూడా నిలవదు, చెమటకు తడిసి ఊపిరాడదు. అందుకని గుంపులు కట్టాలి. పదిమందికి ఒక జట్టు. ఆ పదిమంది రోజూ కలిసే పనిచేయాలి, కలిసే తినాలి, వేరే జట్టులో కలవకూడదు. ఒకరికి జ్వరమొస్తే ఆ పదిమందే ఆగుతారు, యార్డు మూయనక్కర్లేదు. లక్షణాలు లేని దగ్గరి కాంటాక్టులకు కలిసిన ఐదో రోజుకూ పదో రోజుకూ మధ్య టెస్టు చేయాలని ఐసీఎంఆర్ చెప్పింది. మరుసటి రోజే చేస్తే నెగెటివ్ వస్తుంది, అది నమ్ముకుని పనిలోకి వస్తాడు.

హోస్ట్: జ్వరమొచ్చినా చెప్పరు గదా మేడమ్. చెప్తే కూలి పోతుంది.

మేడమ్: దీని మీదే మొత్తం నిలబడి ఉంది. ఆపిన రోజులకు జట్టు మొత్తానికి కూలి ఎవరిస్తారో తెరవకముందే తేల్చాలి. మార్కెట్ కమిటీనా, మండీ వాళ్లు తలా కొంత వేసుకుని ఒక నిధి పెడతారా, ఏదో ఒకటి. అది లేకపోతే గేటు దగ్గర థర్మామీటరు పెట్టినా మాత్ర వేసుకుని దాటేస్తారు. టోకెన్లు, చీటీలు అన్నీ పెట్టి కూలి సంగతి వదిలేసిన యార్డుకంటే, ఏమీ పెట్టకుండా కూలి ఇచ్చిన యార్డే నయం అంటాను.

హోస్ట్: సరే, మన కర్నూలు పాతబస్తీకి పోదాం. 2020 ఏప్రిల్ 30న కేంద్రం జిల్లాలకు రంగుల జోన్లు పెట్టి ఇచ్చిన జాబితాలో కర్నూలు రెడ్, అనంతపురం, కడప ఆరెంజ్.

మేడమ్: అప్పటి 54 మండలాల జిల్లాకు ఒకే రంగు. కేసులు ఎక్కువ పట్టణంలో, ఆంక్షలు కోసిగి దాకా. ఆ పద్ధతి ఎక్కువకాలం నిలవలేదు, కేసులున్న వీధుల వరకే కట్టేసే చిన్న కంటైన్‌మెంట్ జోన్లే అసలు పనిముట్టు అయినాయి. చివరి కేసు తర్వాత 28 రోజులు కొత్తది లేకపోతే ఎత్తేయాలని అప్పటి నియమం. 28 అంటే రెండు 14లు. సోకినాక బయటపడేదానికి గరిష్ఠంగా 14 రోజులు అనుకుంటే, తెలియకుండా ఒకరికి అంటి ఉన్నా రెండో విడతలో దొరుకుతారు.

హోస్ట్: జోన్ పెట్టినాక ఎక్కడ చెడుతుంది?

మేడమ్: సందుల్లో. సరుగుడు కట్టెలు, రేకులు పెట్టి పెద్ద దారి కట్టేస్తారు, పక్కింటి మిద్దె మీదుగా, వెనక వాకిలి గుండా పోతూనే ఉంటారు. ఎందుకు పోతారు? పాలకు, మందులకు, నీళ్లకు. కాబట్టి కట్టెలు పాతేముందు ఇల్లిల్లూ తిరిగి జాబితా రాయాలి. గర్భిణులు, వాళ్ల కాన్పు తేదీలు. డయాలసిస్ వాళ్లు, వారంలో ఏయే రోజులు పోవాలో. టీబీ మందులు వాడేవాళ్లు. బీపీ, షుగర్ మాత్రలు ఎన్నిరోజులకు ఉన్నాయో. టీకా తేదీ దగ్గరపడిన పసిపిల్లలు. ఆశా, ఏఎన్‌ఎం ఇద్దరూ కూర్చుంటే సగం వివరాలు వాళ్ల రిజిస్టర్లలోనే దొరుకుతాయి. మాత్రలు ఒక నెలవి ముందే ఇచ్చేయాలి. ఒక దారి మాత్రం అంబులెన్సు పట్టేంత వెడల్పున, మనిషి కాపలాతో వదలాలి. రేకులు మేకులు కొట్టి బిగించిన దారి అర్ధరాత్రి నొప్పులొస్తే ఎవరు ఊడదీస్తారు?

హోస్ట్: బ్లీచింగ్ గురించి చెప్పండి. అందరూ ఆ వాసన వస్తే చాలు, శుభ్రమైపోయిందనుకుంటారు.

మేడమ్: రోడ్ల మీద, గాల్లోకి కొట్టినదాంట్లో ఎక్కువ భాగం వృథా. మట్టి, చెత్త తగిలితే క్లోరిన్ పనిచేయదు. మనుషుల మీద కొట్టకూడదని కేంద్ర ఆరోగ్య శాఖే 2020 ఏప్రిల్‌లో చెప్పింది. తలుపు గడియలు, కాటా పళ్లెం, కుళాయి తిప్పేచోటు, వీటిని తుడవండి. ఒక శాతం ద్రావణం కావాలంటే, 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పొడి లీటరు నీళ్లకు 33 గ్రాములు. 15 లీటర్ల ట్యాంకుకు అర కిలో. కలిపి కాసేపు నిలవనిచ్చి పైతేట గుడ్డలో వడకట్టాలి, లేకపోతే సున్నం అడుగు నాజిల్‌ను పూడుస్తుంది. రాసినాక పది నిమిషాలు తడిగా ఉండాలి. ఇనుము తుప్పు పడుతుంది, అందుకని తర్వాత కాటా పళ్లేన్ని మంచినీళ్లతో తుడవాలి. పోయినేడు విప్పిన మూట వాడొద్దు, మన ఎండలకు క్లోరిన్ ఎగిరిపోయి ఉత్త సున్నం మిగులుతుంది. బాత్‌రూమ్ యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు వస్తుంది.

హోస్ట్: బడులు?

మేడమ్: 2020 నవంబరు 2న తొమ్మిది, పదితో మొదలుపెట్టినప్పుడు గదికి 16 మంది అన్నారు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న గదిలో ఆరడుగులకొకరిని కూర్చోబెడితే నాలుగు వరుసలు, వరుసకు నలుగురు. లెక్క సరిపోయింది. అన్నం తినేచోటు మాత్రం లెక్కలోకి రాలేదు. వరండాలో, చెట్ల కింద, తరగతివారీగా వేర్వేరు సమయాల్లో పెట్టాలి.

హోస్ట్: ఆ నెలలోనే తుంగభద్ర పుష్కరాలు గదా, నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా. నదిలో మునకలు వద్దన్నారు, ఆన్‌లైన్ టికెట్లు పెట్టినారు.

మేడమ్: టికెట్‌తో వేళలు పంచడం మంచి పని. మునక వద్దనడం నన్నడిగితే రెండో విషయం. పారే నీళ్లలో, ఆరుబయట, భయం తక్కువ. ఆటోలో ఎనిమిదిమంది ఇరుక్కుని ఘాట్‌కు రావడం, బట్టలు మార్చుకునే గదుల్లో గుమికూడడం, అవి ఎక్కువ.

హోస్ట్: చివరగా, మళ్లీ మూయాల్సి వస్తే ఎప్పుడు మూయాలి?

మేడమ్: 2021 ఏప్రిల్ 29 నాటి కేంద్ర ఉత్తర్వులో రెండు హద్దులు ఉన్నాయి. వారం పాజిటివిటీ 10 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే, లేదా ఆక్సిజన్, ఐసీయూ పడకలు 60 శాతం గానీ అంతకు మించి గానీ నిండితే కట్టడి. తెరిచేదానికి 5 శాతం కింద నిలవాలి. అయితే పాజిటివిటీని ఒంటరిగా నమ్మకండి. 1000 టెస్టుల్లో 60 పాజిటివ్ అంటే 6 శాతం. పక్కనే ఒక క్యాంపు పెట్టి లక్షణాలు లేని ఇంకో 1000 మందికి చేసి 10 వస్తే, మొత్తం 2000కు 70, అంటే 3.5. ఊర్లో జబ్బు తగ్గలేదు, లెక్క తగ్గింది. అందుకే లక్షణాలతో వచ్చినవాళ్ల శాతం విడిగా రాయాలి. ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చి లక్షణాలుంటే ఆర్‌టీపీసీఆర్ తప్పనిసరి. ఆదివారం టెస్టులు తగ్గుతాయి, కాబట్టి ఒక్కరోజు అంకె కాదు, ఏడు రోజుల సగటు చూడాలి.

హోస్ట్: కొట్టువాడికి ఇవన్నీ ఎట్ల తెలుస్తాయి?

మేడమ్: తెరిచిన రోజే వార్డు సచివాలయం గోడ మీద నాలుగు వరుసలు రాయాలి. ఈ వారం పాజిటివిటీ, నిండిన ఆక్సిజన్ పడకలు, ఏ అంకె దాటితే మళ్లీ వేళలు కుదిస్తారు, కుదించేముందు ఎన్నిరోజుల గడువిస్తారు. ఆ గడువు కనీసం రెండు రోజులు ఉండాలి. టమోటా తెచ్చి దించుకున్నాక రాత్రి పదికి ఆర్డర్ వస్తే, ఆ సరుకు అమ్ముకునేదానికి తెల్లారేసరికి అందరూ ఒకేసారి బజారులో ఉంటారు.