కంచె పక్కన కమర్షియల్ జోన్: అభ్యంతరం ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి

(హైదరాబాద్‌లో ఒక నివాసుల సంఘం సమావేశంలో విశ్రాంత పట్టణ ప్రణాళికాధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారని అనుకోలేదు. ముందు వరసలోని పెద్దలకు, గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు, పక్క ఊళ్ళ నుంచి వచ్చిన రైతు సోదరులకు ధన్యవాదాలు. రైతుల సంగతి చివర్లో కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. దయచేసి మధ్యలో లేచి వెళ్ళకండి.

మీ సెక్రటరీ గారు పంపిన నోటీసు చదివాను. రక్షిత అడవి కంచెను ఆనుకుని ఉన్న భూమిని నివాస జోన్ నుంచి వాణిజ్య జోన్‌కు మార్చే ప్రతిపాదన ఉంది, అభ్యంతరాలుంటే గడువులోగా రాసి ఇవ్వండి అన్నది దాని సారాంశం. అది పేపర్లో ఎక్కడ పడిందో గమనించారా? టెండర్లకూ, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనలకూ మధ్యలో. నా సర్వీసంతా ఇలాంటి నోటీసులు తయారుచేసే విభాగాల్లోనే గడిచింది. వాటిని శ్రద్ధగా చదివేవాళ్ళు ఇద్దరే అని మాలో మేం నవ్వుకునేవాళ్ళం: దరఖాస్తు పెట్టినాయన, ఆయన లాయరు. ఈసారి మీరూ చదివారు, సంతోషం.

అడవి పక్కన ఏం లేవాలన్నది జేసీబీ వచ్చిన రోజు తేలదు. మాస్టర్ ప్లాన్ మ్యాపులో ఆ సర్వే నంబరు రంగు, అంటే దాని జోన్, మారిన రోజే తేలిపోతుంది. ఆ తర్వాత జరిగేవన్నీ ఆ రంగును అనుసరించి జరిగేవే. ఎందుకంటున్నానో వినండి.

కట్టడం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. అప్పుడు వచ్చి మాట్లాడదాం అనుకుంటారు చాలామంది. కానీ అదే నోటిఫికేషన్ భవన నిర్మాణ ప్రాజెక్టులను ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. ఫ్యాక్టరీకో గనికో అయితే షామియానా వేసి, మైకు పెట్టి మిమ్మల్ని అడగాలి. షాపింగ్ మాల్‌కు అక్కర్లేదు. భవనం ప్లాన్ మంజూరు చేసేటప్పుడు కూడా పక్కింటివాళ్ళను అడిగే పద్ధతి మనకు లేదు. అంటే, ‘మీరేమంటారు’ అని ప్రభుత్వం మిమ్మల్ని అడిగేది దాదాపు ఈ ఒక్క నోటీసులోనే.

ఇంకోటి. జోన్ మార్పు మనిషికి ఇచ్చేది కాదు, భూమికి ఇచ్చేది. దరఖాస్తులో చిన్న ఆస్పత్రి అని రాస్తారు, బొమ్మలో చుట్టూ చెట్లు గీస్తారు. జోన్ మారాక ఆ భూమి అమ్ముకోవచ్చు. కొన్నవాడికి ఆ ఆస్పత్రితో, ఆ చెట్లతో పనేముంది? వాణిజ్య జోన్‌లో ఏమేం కట్టొచ్చో అవన్నీ కట్టుకుంటాడు. కాబట్టి దరఖాస్తులోని బొమ్మను చూసి మెత్తబడకండి. ఆ జోన్‌లో నిబంధనలు అనుమతించే అతి పెద్ద కట్టడం ఏదో అడిగి తెలుసుకోండి, మీరు మాట్లాడాల్సింది దాని గురించి. పక్క సర్వే నంబరాయన వచ్చే ఏడాది ఇదే ఫైలు చూపించి ‘అతనికిచ్చారు, నాకూ ఇవ్వండి’ అంటాడు. ఆఫీసులో ఆ వాదనకు జవాబు చెప్పడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు.

కేబీఆర్ పార్కు అందరికీ తెలుసు. 1998లో జాతీయ పార్కు అయింది. నాలుగు వందల ఎకరాలు కూడా లేదు. రెండు ఖరీదైన కాలనీల నడుమ మిగిలిన బండలు, పొదలు, నెమళ్ళు. జాతీయ పార్కుల చుట్టూ పర్యావరణ సున్నిత మండలం, అదే ఎకో సెన్సిటివ్ జోన్, అంటే కొన్ని పనుల మీద ఆంక్షలుండే వలయం, ఉండాలన్నది కేంద్రం విధానం. 2002 నాటి వన్యప్రాణి సంరక్షణ వ్యూహంలో 10 కిలోమీటర్ల మాట వచ్చింది. కేబీఆర్ చుట్టూ 10 కిలోమీటర్లంటే సగం హైదరాబాద్ వచ్చేస్తుంది, అది అయ్యే పని కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ చివరికి ఏమైంది? ముసాయిదాలో 25 నుంచి 35 మీటర్లు అన్నారు. 2020లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అది 3 మీటర్ల నుంచి 29.8 మీటర్లయింది. మూడు మీటర్లంటే ఈ స్టేజీ వెడల్పు కూడా ఉండదు. మధ్యలో ఫ్లైఓవర్ల ప్రతిపాదన వచ్చింది, చెట్లు కొట్టేస్తారని 2016లో వాకర్లు, పిల్లలు, ముసలివాళ్ళు చేతులు పట్టుకుని పార్కు చుట్టూ నిలబడ్డారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆ పోరాటం మీద నాకు గౌరవం ఉంది. పార్కు కంచె జరగలేదు, నిజమే. కంచె బయట ఉండాల్సిన ఊపిరి మాత్రం కుంచించుకుపోయింది.

పార్కు పార్కులాగే ఉంది కదా, బయట ఏం కడితే నష్టమేంటి అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్నే. మనది దక్కన్ నేల. కింద గ్రానైటు, నీళ్ళు దాని పగుళ్ళలో ఉంటాయి. వాణిజ్య భవనానికి పార్కింగ్ కోసం రెండో మూడో సెల్లార్లు తవ్వాలి. అంటే బండ పగలగొట్టాలి, ఊరే నీటిని నెలల తరబడి మోటార్లు పెట్టి తోడి రోడ్డు మీదికి వదలాలి. అడవిలోని కుంటకు నీరందించే పగులూ, సెల్లార్‌లో ఊటై కారే పగులూ ఒకటే కావచ్చు. ఆ పైన వాన. మట్టి నేల తాగే నీరు కాంక్రీటు మీద పడితే ఒక్కసారిగా పల్లానికి ఉరుకుతుంది. మీ కాలనీ అడవికి ఎగువన ఉందా దిగువన ఉందా? దిగువనే అయితే నెమలి కోసం కాకపోయినా మీ సెల్లార్ కోసమైనా అభ్యంతరం రాయాలి.

రాత్రి లైట్ల సంగతి తెలిసిందే. కుక్కల సంగతి ఎవరూ మాట్లాడరు. హోటళ్ళు, ఫుడ్ కోర్టులు వచ్చినచోట మిగిలిన తిండి కంచె పక్కన పడుతుంది, కుక్కలు పెరుగుతాయి. నగరంలో యూనివర్సిటీ క్యాంపస్‌లో చుక్కల జింకలను కుక్కలు చంపిన వార్తలు మీరు చదివే ఉంటారు. ఏ దరఖాస్తులోనూ కుక్కల కాలమ్ ఉండదు.

2025 ఉగాది రోజులు గుర్తున్నాయి కదా. కంచ గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ పక్కన, 400 ఎకరాలు. వరస సెలవుల్లో బుల్డోజర్లు దిగాయి, యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలబడ్డారు, దేశమంతా ఆ వీడియోలు చూసింది, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆగింది, కానీ అప్పటికే వంద ఎకరాల మేర చెట్లు నేలకూలాయి. ఆ భూమి వివాదం ఇరవై ఏళ్ళ పైబడినది. 2003లో ఒక సంస్థకు కేటాయింపు, 2006లో రద్దు, తర్వాత కోర్టులు. అన్నేళ్ళూ ఆ ఫైలు నడుస్తూనే ఉంది. ఆ పిల్లల ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. ఆ మలుపు దాకా రానివ్వొద్దనే నా తాపత్రయం.

‘మాకేం అధికారం ఉంది, భూమి ఆయనది’ అని ఇందాక టీ దగ్గర ఒకాయన అన్నారు. దానికి 1991లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చారు. అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. మీకేం సంబంధం అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు, ఖాళీ స్థలం పోతే నష్టపోయేది అక్కడివాళ్ళే అంది. 1999లో లక్నోలో పార్కు కింద కడుతున్న అండర్‌గ్రౌండ్ షాపింగ్ కాంప్లెక్సును పడగొట్టి, పార్కును మళ్ళీ పార్కుగా చేయమంది. ఆ రెండూ ప్రజల స్థలాలు, మీ ముందున్నది ప్రైవేటు భూమి, తేడా ఉంది. కానీ అభ్యంతరం చెప్పే హక్కు పొరుగువాడికి ఉందన్న సంగతి మాత్రం తేలిపోయింది.

ఇక అభ్యంతరం రాయడం. వాట్సాప్‌లో తిరిగే ఒకే ఉత్తరాన్ని మూడు వందల మంది సంతకం పెట్టి ఇస్తే ఆఫీసులో అది ఒక అభ్యంతరంగానే నోట్ ఫైల్‌లోకి ఎక్కుతుంది. ‘మూడు వందల మంది’ అని బ్రాకెట్లో రాస్తారేమో. వేరువేరు మనుషులు వేరువేరు కారణాలతో రాసిన పది ఉత్తరాలకు పది జవాబులు రాయాలి. రోడ్డు మూల ఇంటాయన రోడ్డు వెడల్పు టేపు పెట్టి కొలిచి రాయాలి, ఎందుకంటే 2012 నాటి భవన నిబంధనల్లో ఎంత ఎత్తు కట్టొచ్చన్నది రోడ్డు వెడల్పును బట్టే ఉంటుంది. దిగువ వీధివాళ్ళు వాననీటి ఫొటోలు తేదీలతో పెట్టాలి. బోర్లు ఎండినవాళ్ళు ఎన్ని అడుగులకు ఎండాయో రాయాలి. పక్షులు చూసే పిల్లలు ఏ నెలలో ఏ పక్షి కంచె దగ్గర కనిపించిందో రాయాలి. ‘ప్రకృతిని కాపాడండి’ అన్న వాక్యం మాత్రం వద్దు. దాన్ని ‘పరిశీలించడమైనది’ అన్న ఒక్క మాటతో కొట్టేయొచ్చు. సర్వే నంబరు, నోటీసు తేదీ తప్పకుండా వేయండి. ఇచ్చాక స్టాంపు వేసిన అక్నాలెడ్జ్‌మెంటు తీసుకోండి. గడువు దాటాక సమాచార హక్కు కింద ఫైలు నోట్లు అడగండి, మీ కారణానికి ఏం జవాబు రాశారో తెలుస్తుంది. రేపు కోర్టుకు వెళ్ళాల్సి వస్తే చేతిలో ఉండాల్సినవి ఆ కాగితాలే. అటవీ శాఖకూ ఒక కాపీ ఇవ్వండి. పార్కు వాళ్ళదే అయినా పక్క భూమి ఫైలు వాళ్ళ దాకా ప్రతిసారీ వెళ్తుందన్న భరోసా లేదు.

ఇప్పుడు రైతుల మాట. 111 జీవో మీ అందరికీ తెలుసు. 1996 మార్చిలో వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి వాటి చుట్టూ నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది: 10 కిలోమీటర్లు, 84 గ్రామాలు, లక్షా 32 వేల ఎకరాలకు పైగా. చిలుకూరు మృగవని జాతీయ పార్కు ఉన్నదీ ఆ చుట్టుపక్కలే. ఆ జీవో ఎంత గట్టిదంటే, పెద్దషాపూర్‌లో ఒక నూనె ఫ్యాక్టరీకి ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. హాని ఉండదని రుజువు చేయాల్సింది మార్పు కోరేవాడే అన్న సూత్రాన్ని మన చెరువుల దగ్గరే నిలబెట్టింది. మీ ఉత్తరాల్లో ఆ తీర్పును తప్పకుండా ప్రస్తావించండి.

అంత గట్టి జీవో మీద 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు సడలిస్తూ 69 జీవో వచ్చింది. 2023 మేలో మంత్రివర్గం మొత్తంగా ఎత్తేస్తామంది. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తున్నాయి, ఈ చెరువుల నీటితో అంత పనిలేదన్నది వాదన. 1908 మూసీ వరద తర్వాత వాటిని కట్టిందే వరద ఆపడానికన్న సంగతి ఆ వాదనలో ఎక్కడా లేదు. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు దిగువనున్నవాళ్ళకు అది గుర్తొచ్చింది.

అయితే ఒక నిజం చెప్పుకోవాలి. ఆ 84 గ్రామాల్లో చాలామంది జీవో పోవాలనే కోరుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. గీత అవతల ఎకరం కోట్లలో అమ్ముడవుతుంటే గీత ఇవతల పట్టా చేతిలో పెట్టుకుని పాతికేళ్ళకు పైగా కూర్చున్నారు. నగరం నీళ్ళు తాగింది, గాలి పీల్చింది, వాళ్ళకు పైసా ఇవ్వలేదు. పైగా పెద్దవాళ్ళ ఫామ్‌హౌసులు అక్కడే లేచాయి. నిబంధన పేదవాడికే గట్టిగా ఉంటే దాన్ని ఎవరు కాపాడతారు? మనం ఏసీ గదుల్లో కూర్చుని పచ్చదనం గురించి మాట్లాడితే వాళ్ళకు ఒళ్ళు మండటంలో తప్పులేదు.

అందుకే ఈ అభ్యంతరం కాలనీవాళ్ళది మాత్రమే అయితే నిలవదు. ఇవాళ కంచె పక్క భూమిలో కొంత రైతులదే. వాళ్ళకు రెండు సంగతులు చెప్పాలి. సున్నిత మండలం వస్తే వ్యవసాయం ఆగిపోతుంది, ఇల్లు కట్టుకోనివ్వరు అన్న ప్రచారం తప్పు. 2011 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో నిషేధించేవి, నియంత్రించేవి, అనుమతించేవి అని మూడు జాబితాలున్నాయి. స్థానికులు చేసుకునే సాగు అనుమతించే వాటిలోనే ఉంది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు రక్షిత అడవుల చుట్టూ కనీసం ఒక కిలోమీటరు అంటే అందరూ భయపడ్డారు, 2023 ఏప్రిల్‌లో ఆ కోర్టే దాన్ని సడలించింది. రెండోది, డబ్బు. నిర్మాణ హక్కు వదులుకున్నవాడికి ఆ హక్కును వేరేచోట వాడుకునేలా, అమ్ముకునేలా టీడీఆర్ (అభివృద్ధి హక్కుల బదిలీ) సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి మన నిబంధనల్లో ఉంది. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకు ఇస్తూనే ఉన్నారు. అడవి పక్కన పొలాన్ని పొలంగా ఉంచే రైతుకు ఎందుకు ఇవ్వకూడదు? ‘జోన్ మార్చొద్దు’ అన్న డిమాండు పక్కనే ‘మార్చనందుకు రైతుకు టీడీఆర్ ఇవ్వండి’ అన్న డిమాండు కూడా మీ ఉత్తరంలో ఉండాలి. లేకపోతే రేపు ఇదే హాల్లో మీకు ఎదురుగా కూర్చునేది బిల్డరు కాదు, ఆ రైతే.

వెనక టేబుల్ మీద ఆ సర్వే నంబర్ల మ్యాపు పరిచి పెట్టించాను. టేపు, ఖాళీ కాగితాలు కూడా ఉన్నాయి. రోడ్డు కొలవడానికి నలుగురు కావాలి, దిగువ వీధి నుంచి ఇద్దరు రండి. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ రైతు సోదరుడికి మైకు ఇవ్వండి, ఆయన ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు.