మారియో మెట్లు, అలిపిరి మెట్లు

నమస్తే. మొన్న సెలవులకి మా అక్క కొడుకు చెన్నై నుంచి తిరుపతికి వచ్చాడు. పదకొండేళ్లు వాడికి. నేను మారియో అనే పాత వీడియో గేమ్ ఆడుతుంటే కాసేపు చూసి, "ఇది నీ చిన్నప్పటి గేమ్ కాబట్టి నీకు నచ్చుతోంది, అంతే మామా" అన్నాడు. వాడంటే పిల్లోడు, వదిలేయొచ్చు. ఆఫీసులో పెద్దవాళ్లు కూడా ఇదే మాట అంటారు, అదీ నామీద జాలి పడుతున్నట్టు. ఒళ్లు మండిపోతుంది. అందుకే ఈ వీడియో.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. బైరాగిపట్టెడలో ఒక ఇంటి ముందుగదిలో గంట లెక్కన టీవీ గేమ్ ఆడించేవాళ్లు, ఆ గదంటే నాకు ఇప్పటికీ ప్రేమే. కేసెట్ మీద 9999 గేములని రాసి ఉండేది, లోపల చూస్తే పదో పన్నెండో, మిగతావన్నీ అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. కానీ ఆ గదిలో ఆడినవాటిలో చాలావరకు ఇప్పుడు పది నిమిషాలు కూడా ఆడలేను. చిన్నప్పటి జ్ఞాపకమే కారణమైతే అవన్నీ నచ్చాలి కదా? మరి మూడో నాలుగో మాత్రమే ఎందుకు నిలిచాయి?

అలిపిరి నుంచి నడిచి కొండెక్కినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మొత్తం 3,550 మెట్లు. మొదట్లోనే ఎత్తు, ఊపిరి అందదు, కానీ పైన గాలిగోపురం ఉంది, అక్కడిదాకా పోతే చాలులే అని కాళ్లు వాటంతట అవే కదులుతాయి. అది దాటాక దారి చదును. జింకల పార్కు చూసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ పోతాం, కాళ్లు తేరుకుంటాయి, ఇంక అయిపోయినట్టే అనుకునేసరికి మోకాళ్ల పర్వతం వచ్చి మీద పడుతుంది. ఎక్కడ కష్టపెట్టాలో ఎక్కడ వదలాలో దారికే తెలిసినట్టు ఉంటుంది, నాకు నిలిచిన గేములూ అంతే. దేవుడి దారిని గేముతో పోలుస్తావా అని తిట్టకండి, నేను మాట్లాడేది మెట్ల గురించే.

ఇప్పుడు మారియో. 1985లో నింటెండో తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్, మొదటి లెవెల్. స్క్రీన్ మీద ఒక్క సూచన ఉండదు. మారియో ఎడమ పక్కన ఉంటాడు, కుడి పక్కంతా ఖాళీ, కాబట్టి కుడికే పోతాం. ఎదురుగా ఒక కోపిష్టి బొమ్మ నడుచుకుంటూ వస్తుంది. ఊరికే నిలబడితే చస్తాం, చస్తే పెద్దగా పోయేదేమీ లేదు, అది లెవెల్ మొదలే. రెండోసారి గెంతుతాం. అక్కడే పైన ప్రశ్న గుర్తున్న పెట్టె ఉంటుంది, తల తగిలితే నాణెం వస్తుంది. ఇంకో పెట్టెలోంచి పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు పోయి, గొట్టానికి కొట్టుకుని, మళ్లీ మనవైపే వస్తుంది. అది కూడా శత్రువేమో అని భయపడి గెంతబోతే పైన ఇటుకలు అడ్డం, చాలాసార్లు అది తగలనే తగులుతుంది. తగలగానే మారియో పెద్దవాడైపోతాడు. అంటే భయపడినవాడికి కూడా పాఠం తప్పదు!

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లెవెల్ చివర్లో ఉంటుంది, అక్కడా మెట్లే. ఇటు మెట్లు, అటు మెట్లు, మధ్యలో నేల. పడితే ఏమీ కాదు, లేచి మళ్లీ ఎక్కొచ్చు. ఆ వెంటనే అచ్చం అలాంటివే ఇంకో రెండు వరసలు, ఈసారి మధ్యలో గుంత. గెంతు అదే, ముందు ప్రాణభయం లేకుండా సాధన చేయించి ఆ తర్వాతే పరీక్ష పెట్టారు. ఇప్పటి కొన్ని గేములు మొదలుపెడితే అరగంటసేపు ఈ బటన్ నొక్కు, ఆ బటన్ నొక్కు అని ట్యూషన్ చెబుతాయి, నాకు నిద్రొస్తుంది.

పైగా ఆ గేమ్ మొత్తం కేసెట్‌లో 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో కూడా దీనికంటే పెద్దది. చోటు లేక మేఘానికీ పొదకీ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు, ఒకసారి చూశాక మళ్లీ చూడకుండా ఉండలేరు.

ఇద్దరు కలిసి ఆడగలిగే తుపాకుల గేమ్ కాంట్రా, దాని సంగతి వేరు. అందులో 30 ప్రాణాలు ఇచ్చే రహస్య బటన్ల కోడ్ చాలామందికి తెలుసు, నేను చెప్పేది జలపాతం లెవెల్. ఇద్దరు ఆడుతుంటే ఒకడు గబగబా పైకెక్కితే స్క్రీన్ వాడితోపాటు పైకి పోతుంది, కింద మిగిలినవాడు చస్తాడు. మెట్ల మీద అందరినీ వదిలేసి ముందు నడిచిపోయే మా బాబాయి లాంటివాళ్లతో ఈ గేమ్ ఆడకూడదు. మా స్నేహితుడు ఒకడు దీనివల్లే నాతో వారం మాట్లాడలేదు.

ఇక మా అక్క కొడుకు మాటకు అసలు జవాబు సెలెస్ట్ అనే గేమ్. ఇది 2018లో వచ్చింది, నేను ఆడేటప్పటికి నాకు ముప్పై దాటాయి, చిన్నప్పటి జ్ఞాపకం అనడానికి లేదు. ఒక అమ్మాయి కొండెక్కడం, కథ అదే. వందలసార్లు చస్తాం, చచ్చిన క్షణమే మళ్లీ అక్కడే మొదలవుతుంది, విసుగు పుట్టే టైమ్ ఇవ్వదు. కష్టమైతే గేమ్ వేగం తగ్గించుకునే వీలుంది, దాన్ని మోసం అనేవాళ్లున్నారు. బస్సులో కొండెక్కినవాళ్లకు దర్శనం ఇవ్వరా ఏంది?

ఫోన్ ఛార్జింగ్ 4 శాతం చూపిస్తోంది, తొందరగా చెప్పేస్తాను. నోకియా 6110 ఫోన్‌లో 1997లో వచ్చిన పాము గేమ్: బాగా ఆడేకొద్దీ తోక పెరిగి అదే నీకు అడ్డం, ఎక్కేకొద్దీ సంచి బరువెక్కినట్టు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1989: ఆ గేమ్ తయారుచేసిన జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెత్తుతుంటే వీడియో తీసి దాన్నిబట్టి బొమ్మలు గీశాడు, అందుకే ఆ గెంతుల్లో నిజంగా మనిషి బరువు ఉంటుంది. దీనిమీద చాలా చెప్పాలనుకున్నాను, కుదరలేదు.

మావాడి చేతికి మారియో ఇచ్చాను. నోరు తెరవకుండా పక్కన కూర్చున్నాను. మొదటి బొమ్మకే చచ్చాడు, రెండోసారి దాటాడు, పుట్టగొడుగు చూసి భయపడ్డాడు. చివరి మెట్ల దగ్గర గుంతలో పడి నామీద అరిచాడు: "మామా, ఇందాక ఇక్కడ నేలే ఉండింది కదా!"